సేవించువారి దుఃఖము: వృద్ధసంరక్షణమున మన కుటుంబధర్మము

 ఎవరి పుణ్యస్మృతికి ఈ సాయంకాలము అంకితమైనదో ఆ వైద్యవరేణ్యులు రోగి నాడిని చూచిన పిమ్మట, రోగి ప్రక్కన నిలుచున్నవారి ముఖమును గూడ పరిశీలించెడివారని వారి శిష్యులు చెప్పుదురు. వారి పేర వెలయు ఈ వేదికపై నేటి విషయమును ఎన్నుకొనుటకు నాకు ఆ మాటయే ధైర్యమునిచ్చినది.

వృద్ధుల దుఃఖమును గూర్చి మన దేశమున సభలు జరిగినవి, కథలు వెలువడినవి, శాసనములు వచ్చినవి. కన్నవారిని వీధిపాలు చేసిన సంతానమును నిందించు నాటకములకు మన పల్లెలలో ఏనాడును ప్రేక్షకులు కరవు కాలేదు. ఆ నింద న్యాయమైనదే. కాని, వీధిపాలు చేయనివారి మాట యేమి? ఒకే గదిలో, ఒకే మంచమును కనిపెట్టుకొని, రాత్రి నిద్రను పగటి పనిని రెంటిని కోల్పోయి, ఏండ్ల తరబడి సేవించుచున్న కుమార్తెల, కోడండ్ర, కుమారుల, తామును వృద్ధులైన భార్యాభర్తల మనఃస్థితి ఏమగుచున్నదో విచారించిన సభలు అరుదు. వారు ధర్మము తప్పలేదు గనుక వారిని గూర్చి చెప్పుకొనవలసినది ఏమియు లేదని లోకము తలచినది. నేను ఈ సాయంకాలము ప్రతిపాదింపదలచినది ఒక్కటే: వృద్ధసేవను మన సంస్కృతి ఇంటియంతటికి ధర్మముగా విధించినది, కాలము ఆ భారమును ఇంటిలోని ఒక్క వ్యక్తి భుజముల మీదికి జార్చినది, ఆ ఒక్కరి మనస్సు క్రుంగినప్పుడు వారి ప్రేమను శంకించుటకు ముందు, వారిని ఒంటరిగా విడిచిన మన కుటుంబవ్యవస్థను, సమాజవ్యవస్థను మనము ప్రశ్నింపవలెను.

మన వాఙ్మయమున మాతాపితృసేవకు రెండు ఆదర్శములు ప్రసిద్ధములు. మొదటిది అయోధ్యాకాండమున దశరథుడు అవసానకాలమున కౌసల్యకు చెప్పుకొన్న వృత్తాంతము. వాల్మీకి పేరు చెప్పక విడిచిన ఆ మునికుమారుని లోకము శ్రవణకుమారుడని పిలుచుకొన్నది, కావడి నిచ్చి తీర్థయాత్రలు చేయించినది, సుపుత్రులకందఱికిని అతనిని మేలుబంతిగా నిలిపినది. అంధులైన తల్లిదండ్రులకు అతడొక్కడే దిక్కు. నీటికై వెళ్లిన ఆ బాలుడు చీకటిలో రాజు బాణమునకు కూలగా, ఇక తమకు కందమూలములు తెచ్చి పెట్టువారెవ్వరని ఆ ముదుసలులు విలపించిరి; పిదప కుమారుని చితియందే ప్రాణములు విడిచిరి. ఈ కథను తరతరములుగా విన్న మనము అందలి భక్తిని చూచితిమి, శాపమును చూచితిమి. ఆ ఆశ్రమమున రెండవ ఆధారము లేకపోవుటను మాత్రము చూడలేదు. సేవించువాడు ఒక్కడే అయినచోట అతని పతనము మువ్వురి పతనమగునని ఆదికవి అంత స్పష్టముగా చూపియుండగా, మనము ఆ ఒంటరితనమునే ఆదర్శముగా గ్రహించితిమి.

రెండవ ఆదర్శము అరణ్యపర్వమున మార్కండేయుడు ధర్మరాజునకు చెప్పిన ధర్మవ్యాధోపాఖ్యానము. తల్లిదండ్రుల అనుమతి లేక వేదాధ్యయనమునకు వెడలిపోయిన కౌశికుడను విప్రుడు, ఒక గృహిణి మాట విని, మిథిలలో మాంసము విక్రయించు వ్యాధుని యొద్దకు ధర్మము నేర్చుకొన వచ్చును. ఆ వ్యాధుడు అతనిని ఇంటికి గొనిపోయి, తన వృద్ధ జననీజనకులను చూపి, తన తపస్సు ఇదియేయని చెప్పును. ఇచ్చట గమనింపదగిన విషయములు రెండు. వ్యాధుడు తన వృత్తిని మానలేదు. అంగడికి పోవుచునే ఉన్నాడు. ఆ సేవను తానొక్కడే చేయుటలేదు. ఆలుబిడ్డలతో గూడి చేయుచున్నాడు. ఒక ఇంటి మనుష్యులందఱు పంచుకొన్నందువలననే ఆ సేవ ఎవరి జీవితమును మ్రింగివేయక నిత్యకృత్యమై సాగినది. శ్రవణుని కథ ప్రతి ఇంటికిని తెలియును. ధర్మవ్యాధుని కథ పండితులకు పరిమితమైనది. మన నేటి చిక్కుకు మూలము కొంత ఈ ఎంపికలోనే ఉన్నదని నా విశ్వాసము.

ఉమ్మడి కుటుంబము నిలిచియున్నంతకాలము ఈ చిక్కు వెల్లడి కాలేదు. పది పదునైదు మంది మసలు ఇంటిలో ముసలివారి పక్క ఎత్తువారొకరు, స్నానము చేయించువారొకరు, ప్రొద్దుపోవు వేళ ప్రక్కన కూర్చుండి భారతము చదివి వినిపించువారొకరు. అయితే ఆ వ్యవస్థను స్వర్ణయుగముగా కీర్తించుటకు నేను సిద్ధముగా లేను. అగ్రవర్ణ గృహములలో ఆ సేవాభారమును ఎక్కువగా మోసినవారు తలలు గొఱిగించుకొని వంటయింటి మూలన బ్రదికిన బాలవితంతువులు. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగముగారు తొలి వితంతు వివాహమును జరిపించినప్పుడు చెలరేగిన ఆగ్రహమునకు ఆచారనిష్ఠయే ప్రధానకారణమైనను, జీతము లేక, పేరు లేక ఇంటి చాకిరి అంతయు చేయుచున్న చేతులు తమ జీవితమును తాము కోరుకొనునను భయము దాని చాటున లేకపోలేదని నాకు తోచును. నాటి ఇంటిలోను సేవించువారి దుఃఖము కలదు. దానిని దుఃఖమని పిలుచు అధికారము వారికి లేకుండెను.

తరువాతి కథ మనకందఱికి తెలిసినదే. స్వాతంత్ర్యము వచ్చిన కాలమున 32 ఏండ్ల పరిసరమున ఉన్న సగటు భారతీయుని ఆయుర్దాయము నేడు 70 ఏండ్ల ప్రాంతమునకు వచ్చినది. 2019–21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేక్షణము ప్రకారము ఒక స్త్రీకి కలుగు సంతానము సగటున ఆంధ్రప్రదేశమున 1.7, తెలంగాణమున 1.8. ఆయువు పెరిగినది, సంతానము తగ్గినది, ఆ సంతానము చదువుకొని దూరదేశములకు పోయినది. కృష్ణా గుంటూరు జిల్లాలలో ఇద్దరు బిడ్డలును అమెరికాలో స్థిరపడగా, రెండంతస్తుల మేడలో ఇద్దరు ముసలివారు, వారిలో ఒకరు రెండవవారిని మంచము మీదినుండి లేవదీయుచు కాలము గడుపుచున్న ఇండ్లు ఎన్నియో కలవు. పూర్వము సన్నిపాతముతోనో విషజ్వరముతోనో పది దినములలో ముగిసెడి అవసానము, నేడు పక్షవాతముతో, తుంటియెముక విరుగుటతో, మతిభ్రంశముతో పదేండ్లు సాగుచున్నది. మన దేశమున 60 ఏండ్లు దాటినవారిలో 7.4 శాతము మందికి, అనగా సుమారు 88 లక్షల మందికి, మతిభ్రంశము (డిమెన్షియా) కలదని 2023లో ప్రకటితమైన పరిశోధన తేల్చినది. ఆ ప్రతి ఒక్కరి వెనుక కనీసము ఒక మనిషి రాత్రింబవళ్లు మేలుకొని యున్నాడు.

ఆ మనిషి మనస్సులో జరుగునదేమి? మొదటిది దేహశ్రమ మనోగ్లానిగా మారుట. రాత్రి నాలుగుమార్లు లేచి పక్క మార్చి, తెల్లవాఱగనే పథ్యము వండి, మందులు వేసి, బట్టలుతికి, మరల అదే చక్రములో తిరుగువారికి మాసము, ఋతువు, పండుగ అను భేదము తెలియదు. "ఒక్క పూట గడప దాటి ఎన్నాళ్లయిందో" అను మాటను నేను పల్లెలో విన్నాను, పట్టణములోను విన్నాను. చుట్టములు పెండ్లి పిలుపులకు గూడ మెల్లగా వారిని మఱచిపోవుదురు.

రెండవది సంబంధములు తలక్రిందులగుట. తనను చేయిపట్టి బడికి నడిపించిన తండ్రికి ఒక కుమార్తె స్నానము చేయింపవలసి వచ్చినప్పుడు, ఆమె సంకోచమును ఆయన సిగ్గును ఒకే క్షణమున రెండు మౌనములై ఆ గదిని నింపును. ఇద్దరును ఒకరినొకరు క్షమించుకొనవలసినవారివలె చూపులు తప్పించుకొందురు. తాను భారమైతినను వృద్ధుని వేదనయు, ఆ వేదనను కనిపెట్టి గూడ ఊఱడింపజాలని బిడ్డ వేదనయు ఒకదానినొకటి పెంచును.

మూడవది బ్రదికియున్నవారికై శోకించుట. మతి చెదరిన తల్లి, ముప్పది యేండ్లు కలిసి బ్రదికిన కోడలిని "నా గాజులు నువ్వే తీశావు" అని నిందించును. కన్నకొడుకును "మీరెవరండీ, బాబూ" అని మర్యాదగా ప్రశ్నించును. ఇంటివారు మొదట దానిని ఛాదస్తమందురు, తరువాత మొండితనమందురు, చివరకు రోగమని తెలిసికొందురు. తెలిసికొన్నను గాయము మానదు. మరణించినవారికి దశదినకర్మ కలదు, పరామర్శ కలదు, కాలక్రమమున ఉపశాంతి కలదు. ఎదుట కూర్చుండి అన్నము తినుచు తమనుండి వెడలిపోయిన మనిషికై దుఃఖించుటకు ఏ కర్మకాండయు విధింపబడలేదు. అమెరికా దేశీయురాలగు పౌలీన్ బాస్ అను విదుషి ఇట్టి అస్పష్టమైన వియోగమును దీర్ఘకాలము పరిశీలించి 1999లో గ్రంథము రచించెను. మన ఇండ్లలో ఆ వియోగమునకు పేరు లేనందున, అనుభవించువారు అది తమ మనోదౌర్బల్యమని తలచుచున్నారు.

నాలుగవది, అన్నింటికంటె లోతైనది, కోపమును దాని వెంట వచ్చు పాపభీతియు. ఒకే ప్రశ్నను నూఱవమారు అడిగిన తల్లిపై గొంతెత్తి కసరినవారు, మరుక్షణమున వంటయింటిలోనికి పోయి కొంగు నోటికి అడ్డుపెట్టుకొని ఏడ్చుదురు. ఎన్నటికి ఈ బాధ తీరునని వేసారి, దేవుడు త్వరగా తీసికొనిపోయిన బాగుండునని ఒక్క రాత్రి తలచినందుకు, ఆ వృద్ధులు పోయిన తరువాత సైతము ఏండ్ల తరబడి తమను తాము దోషులుగా విచారించుకొందురు. కర్మ జరుగు దినమున నలుగురును చేరి "ఎంత పుణ్యం చేసుకున్నావమ్మా" అని పొగడుచుండగా, ఆ పొగడ్త వారి చెవికి అభియోగమువలె వినబడును. వీరికి నేను ఈ వేదికనుండి స్పష్టముగా ఒక మాట చెప్పదలచితిని: అలసిన మనస్సు విరామమును కోరుట పాపము కాదు. బాధ తీరవలెనను కోరిక, మనిషి పోవలెనను కోరికవలె తోచుట ఆ అలసట చేయు మోసము. మీరు తలచినదానిచేత గాక, మీరు మరునాటి ఉదయము మరల లేచి చేసినదానిచేత మీ ప్రేమ తెలియబడును.

ఐదవది తోబుట్టువుల నడుమ పెరుగు కటుత్వము. ఆస్తి పంపకమున తల్లిని నెలకొక ఇంట, తండ్రిని వేఱొక ఇంట వంతులు వేసికొను ఆచారము మనకు క్రొత్త కాదు. నేడు దానికి దూరదేశపు దూరవాణి తోడైనది. వారమునకొకమారు తెరపై కనబడి, ఆ వైద్యునికి చూపుము, ఈ మందు మార్చుమని సలహానిచ్చు సోదరునిపై, ప్రతిదినము పక్క దులుపు సోదరికి కలుగు ఆగ్రహము సహజము. అయినను దూరమున ఉన్నవాని దుఃఖమును తృణీకరింపరాదు. అర్ధరాత్రి ఫోను మ్రోగినప్పుడెల్ల గుండె జారిపోవుటయు, చివరకు ఐసుపెట్టెలో ఉంచిన తండ్రి ముఖమును చూచుటకై రెండు సముద్రములు దాటి వచ్చుటయు తేలికయైన శిక్ష గాదు. సమీపమున ఉన్నవారిని అలసట దహించుచున్నది. దూరమున ఉన్నవారిని అపరాధభావము దహించుచున్నది. ఒకరి బాధ రెండవవారికి కనబడుటలేదు.

ఈ క్లేశము కవికల్పన కాదు. స్టీవెన్ జారిట్ అను శాస్త్రజ్ఞుడు తన సహచరులతో గూడి 1980లో మతిభ్రంశరోగులను సంరక్షించు 29 మంది బంధువుల మనోభారమును కొలిచెను. రోగి ప్రవర్తన ఎంత విపరీతముగా ఉన్న భారము అంత ఎక్కువగా ఉండునని ఎవరైనను ఊహింతురు. ఫలితము అట్లు రాలేదు. ఇతర కుటుంబసభ్యులు ఎంత తఱచుగా వచ్చి చూచుచుందురో అంతకంతకు ఆ భారము తగ్గినది. రోగము మాఱలేదు, చాకిరి మాఱలేదు. వచ్చి కూర్చుండు మనిషి ఉండుటయే భేదము. ఈ భారము మనస్సుతో ఆగదనియు తరువాతి పరిశోధనలు చూపినవి. 1995లో జానిస్ కీకోల్ట్-గ్లేసర్ బృందము సమానమైన చిన్న గాయము చేసి పరీక్షింపగా, మతిభ్రంశరోగులను సేవించుచున్న స్త్రీలలో ఆ గాయము మానుటకు ఇతరులకంటె సగటున 9 దినములు అధికముగా పట్టినది. 1999లో షుల్జ్, బీచ్ అను పరిశోధకులు, జీవితభాగస్వామిని సేవించుచు ఆ భారముచే క్రుంగిన వృద్ధులలో, సేవాభారము లేనివారికంటె నాలుగేండ్ల కాలమున మరణావకాశము 63 శాతము ఎక్కువయని ప్రకటించిరి. సరయూతీరమున శ్రవణకుమారునితోబాటు అతని తల్లిదండ్రులును నశించిరని చెప్పిన ఇతిహాసమునకు ఇది ఆధునిక వ్యాఖ్యానమువలె ఉన్నది.

మన శాసనములు ఈ విషయమున ఏమి చెప్పుచున్నవి? 1956 నాటి హిందూ దత్తత, భరణముల చట్టము వృద్ధ తల్లిదండ్రుల పోషణభారమును కుమారులతో బాటు కుమార్తెలకును విధించినది. 2024 వఱకు అమలులో ఉన్న 1973 నాటి నేరవిచారణ స్మృతి 125వ సెక్షను తల్లిదండ్రులకు భరణము కోరు హక్కునిచ్చినది. 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టము ప్రత్యేక ట్రిబ్యునళ్లను నెలకొల్పి, వృద్ధులను విడిచిపెట్టినవారికి మూడు మాసముల వఱకు కారాగారమును, 5,000 రూపాయల వఱకు జరిమానాను నిర్ణయించినది. ఇవి అవసరమైన చట్టములే. కాని ఇవియన్నియు విడిచిపెట్టినవారిని దృష్టిలో ఉంచుకొని వ్రాయబడినవి. విడువక పట్టుకొన్నవారికి సమాజము ఏమి ఋణపడి యున్నదో వీనిలో లేదు. పెక్కు ఇండ్లలో ఆ సేవ చేయుచున్న కోడలి ప్రస్తావనయే 2007 నాటి చట్టము సంతానమునకు ఇచ్చిన నిర్వచనమున లేదు. 2019లో ప్రవేశపెట్టిన సవరణ బిల్లు ఆమెను చేర్ప జూచినది గాని, బాధ్యురాలిగా మాత్రమే చేర్ప జూచినది. 2024 నాటి కాలవినియోగ సర్వేక్షణము ప్రకారము 15–59 ఏండ్ల స్త్రీలలో 41 శాతము ఇంటివారి సంరక్షణలో దినమునకు 140 నిమిషములు గడుపుచుండగా, అదే వయస్సు పురుషులలో 21.4 శాతము మాత్రమే 74 నిమిషములు గడుపుచున్నారు. శిశుపోషణయు ఇందు చేరియున్నది. అయినను ఈ అసమానత ఎవరి మీదుగా పోవుచున్నదో తెలియుటకు ఈ లెక్క చాలును.

ఇతర దేశములు ఈ సత్యమును గుర్తించుటకు ఏదో ఒక కంఠము తొలుత పలుకవలసి వచ్చినది. తల్లిదండ్రుల సేవకై ఉద్యోగము విడిచిన మేరీ వెబ్‌స్టర్ అను అవివాహిత 1963లో తన వంటి స్త్రీల దుస్థితిని వివరించుచు పత్రికకు లేఖ వ్రాయగా, బ్రిటనులో సంరక్షకుల ఉద్యమము దానినుండి మొలకెత్తినది. జపానులో 1972లో అరియోషి సావాకో, మతి తప్పిన మామగారిని సేవించు ఒక ఉద్యోగిని కథను నవలగా వ్రాసెను. అది లక్షల ప్రతులు అమ్ముడుపోయి, ఇంటి గుట్టుగా ఉన్నదానిని దేశసమస్యగా మార్చినది. 2000 సంవత్సరమున ఆ దేశము దీర్ఘకాల సంరక్షణకు బీమాను ఏర్పఱచినది. 1995లో అట్టి బీమాను స్థాపించిన జర్మనీ, ఇంట సేవ చేయు బంధువుల పింఛను నిధికి గూడ చందా చెల్లించుచున్నది. మన దేశముననే, 1993లో కేరళలోని కోళిక్కోడున ఆరంభమైన ఉపశమన చికిత్సా సంఘము, పల్లెపల్లెన స్వచ్ఛందసేవకులను తీర్చిదిద్ది రోగి ఇంటి గడప వఱకు నడిపించినది. ఆశ్వాసకిరణమను పథకము క్రింద కేరళ ప్రభుత్వము సేవించువారి పేరనే నెలకు 600 రూపాయల భృతిని నిర్ణయించినది. ఆ ధనము స్వల్పము. అయినను ఒక ప్రభుత్వము సేవించువారిని ఒక వ్యక్తిగా గుర్తించుట స్వల్పము కాదు. తెలంగాణమున జిల్లాలలో ఉపశమన చికిత్సా కేంద్రములు ఏర్పడినవి. ఆంధ్రప్రదేశమున 2024 జూలై నుండి వృద్ధుల పింఛను 4,000 రూపాయలకును, పక్షవాతము మొదలగువానిచే పూర్తిగా మంచమునకు పరిమితమైనవారి పింఛను 15,000 రూపాయలకును పెరిగినది. ప్రక్కన మేలుకొన్నవారి పేరును గుర్తించు అడుగు ఇంకను మిగిలియున్నది.

చేయవలసినది ఏమియని మీరు ప్రశ్నింతురు. మొదట ఇంటిలో: వృద్ధులను మూటవలె ఇంటింటికి త్రిప్పు వంతులు మాని, సేవించువారే వృద్ధుల ఇంటికి వంతుల ప్రకారము వచ్చు పద్ధతిని అవలంబింపవలెను. తనకు పరిచితమైన గదిని, కిటికీని, తులసికోటను మతి చెదరిన మనిషినుండి దూరము చేయుట క్రూరమని వైద్యులెఱుగుదురు. దూరమున ఉన్న బిడ్డ పంపు ధనముతోబాటు ఏడాదిలో కొన్ని వారములు వచ్చి తానే పక్క ఎత్తవలెను. ఆ వారములలో ఇచ్చటి సోదరి నిశ్చింతగా నిద్రింపవలెను. కుమారులు ధనము తెచ్చుటతో తమ సేవ ముగిసినదని తలంపరాదు. తండ్రికి స్నానము చేయించుట మగవానికి అపచారము కాదు. ఇక వైద్యశాలలో: వృద్ధుని రక్తపు పోటును కొలిచిన చేతనే, వెంట వచ్చినవారిని "మీరు రాత్రి నిద్రపోతున్నారా?" అని అడుగుట చికిత్సలో భాగము కావలెను. ఊరిలో: గ్రంథాలయమునకు, దేవాలయమునకు, కళ్యాణమండపమునకు చోటు దొరకిన గ్రామమున పగటివేళ నలుగురు వృద్ధులను చూచుకొనుటకు ఒక చావడి దొరకకపోదు. ఉద్యోగములలో: బిడ్డల సంరక్షణార్థము కేంద్రప్రభుత్వము స్త్రీలకు 730 దినముల సెలవును అంగీకరించినట్లే, తల్లిదండ్రుల సంరక్షణకును స్త్రీపురుష భేదము లేక సెలవు నిర్ణయింపవలెను. శాసనములో: వృద్ధులు సంతానమునుండి కోరదగినవాని ప్రక్కన, సంతానము సమాజమునుండి కోరదగిన విశ్రాంతి, శిక్షణ, ఆర్థికసాయములను గూడ హక్కులుగా చేర్పవలెను.

వీనిలో ఏదియు పాశ్చాత్యుల యొద్దనుండి ఎరవు తెచ్చుకొనవలసిన భావము కాదు. ఆలుబిడ్డలతో గూడి తల్లిదండ్రులను సేవించుచు, అంగడికి పోవుచు, తత్త్వము బోధించుచు బ్రదికిన మిథిలానగర వ్యాధుడు మన ఇతిహాసములోనివాడే. సేవను పంచుకొన్నప్పుడే అది నిలుచునని అతని గృహము సాక్ష్యము. ఆ గృహములో ఉన్నంతమంది మనుష్యులు నేటి గృహములలో లేరు. కావున లేనివారి స్థానమును బంధువు, పొరుగు, గ్రామము, ప్రభుత్వము పూరింపవలెను. ఈ సభనుండి మీరు ఇండ్లకు మరలిన పిమ్మట, మీ వీధిలో ఏ ఇంట ఒక్కరే మంచమును కనిపెట్టుకొని యున్నారో తెలిసికొని, వారమున ఒక్క పూట ఆ పనిని మీరు స్వీకరింపుడు. వారు మొదట వద్దందురు. వారి అభిమానమును నొప్పింపక మరల అడుగుడు. పెద్దల సేవను ధర్మమని నమ్మిన జాతికి, ఆ సేవ చేయువారిని ఒంటరిగా విడువకుండుట ఆ ధర్మములోనే భాగము. ఆ భాగమును మనము ఇంతకాలము ఆచరింపలేదు, ఇక ఆచరింపవలెను.